భూ పరిశీలన రంగంలో జాతీయ వేదిక ఏర్పాటుపై తీర్మానం

హైదరాబాద్‌లో జరిగిన ఈ సర్వసభ్య సమావేశానికి శాస్త్రవేత్తలు, అధ్యాపకులు, పరిశోధక విద్యార్థులు, వ్యవసాయ, అటవీ, సాగునీటి శాఖల ఉద్యోగులు హాజరయ్యారు. చర్చ అనంతరం కింది తీర్మానాన్ని ఆమోదించడమైనది.

1970లో శాస్త్రవేత్త పి.ఆర్. పిషారోటి బృందం కేరళ కొబ్బరి తోటలపై హెలికాప్టర్‌లో తిరిగి, ఇన్‌ఫ్రారెడ్ ఫిల్ముపై తెగులును పట్టుకుంది. 1988 మార్చి 17న బైకనూర్ నుంచి వెళ్లిన ఐఆర్‌ఎస్-1ఎ ఉపగ్రహపు లిస్-1 కెమెరా చిత్రంలో ఒక్కో పిక్సెల్ 72.5 మీటర్లు. అంటే ఎకరం 12 గుంటల నేలంతా ఒకటే చుక్క. రిసోర్స్‌శాట్ లిస్-3 కెమెరాతో ఆ చుక్క ఐదున్నర గుంటలకు తగ్గింది. 2025 జులై 30న శ్రీహరికోట నుంచి ఎగిరిన రాడార్ ఉపగ్రహం నైసార్ మబ్బులను లెక్కచేయకుండా 12 రోజులకోసారి అదే నేలను చూస్తుంది. చిత్రాలు దొరకడం లేదని చెప్పుకునే రోజులు చాలావరకు పోయాయని ఈ సమావేశం అభిప్రాయపడుతోంది.

కొరత నేలమీద ఉంది. దమ్ము చేసి నీరు పెట్టిన వరి మడి రాడార్ చిత్రంలో నల్లగా కనిపిస్తుంది, పైరు ఎదిగేకొద్దీ తెల్లబడుతుంది. చెరువు శిఖంలో నిలిచిన వాననీరూ నల్లగానే ఉంటుంది. పత్తిలో కంది సాళ్లు వేసిన చేను ఏ తరగతిలోనూ ఇమడదు. ఏది ఏమిటో తేల్చాలంటే ఆ వారం ఆ గట్టుమీద నిలబడినవారు రాసుకున్న వివరం కావాలి. అలాంటి వివరాలు దేశంలో లేక కాదు. విద్యార్థులు ఎండలో తిరిగి తెచ్చిన జీపీఎస్ పాయింట్లు పట్టా రాగానే థీసిస్ అనుబంధంలో ఉండిపోతాయి. పంటకోత ప్రయోగాల లెక్కలు ఒకచోట, ఆంధ్రప్రదేశ్ ఈ-క్రాప్ నమోదులు మరోచోట, ప్రైవేటు సంస్థలవి వాటి సర్వర్లలో. ఒకే మండలానికి మూడు బృందాలు మూడు జీపుల్లో వెళ్లిరావడం ఇక్కడున్న చాలామంది ఎరిగిన సంగతే.

1969లో మొదలైన ఇండియన్ సొసైటీ ఆఫ్ రిమోట్ సెన్సింగ్ ఉండగా మరో వేదిక దేనికన్న ప్రశ్న సభలో వచ్చింది. పత్రాలు, సదస్సులు ఆ సంస్థ చూసుకుంటోంది. ఈ వేదిక వాటి జోలికి పోదు.

కనుక తీర్మానించడమైనది ఏమనగా:

క్షేత్ర పరిశీలనల ఉమ్మడి నిధి నిర్వహణే పనిగా జాతీయ వేదిక ఒకటి ఏర్పాటు చేయాలి. ప్రతి నమోదులో తేదీ, స్థానం, పంట దశ, ఫొటోతోపాటు సేకరించినవారి పేరు తప్పనిసరిగా ఉండాలి. ఆ నమోదును వాడి పటం తయారుచేసినవారు ఆ పేరును పటంపై ముద్రించాలి. గ్రామ వ్యవసాయ సహాయకులకూ, విద్యార్థులకూ ఈ నియమం సమానం. నమోదు ఫారాలు ఆయా రాష్ట్రాల భాషల్లో ఉండాలి.

క్షేత్రంలో తప్పని తేలిన పటాలను కూడా నిధిలో చేర్చాలి. వాటిని దాచుకునే అలవాటు మన రంగంలో బలంగానే ఉంది.

రైతు పేరు, సర్వే నంబరు బయటపెట్టరాదన్న సవరణను సభ అంగీకరించింది. సవరణ వల్ల పాయింట్ల కచ్చితత్వం తగ్గుతుందని ఇద్దరు సభ్యులు తెలిపిన అసమ్మతిని నమోదు చేయడమైనది.

ఐదుగురు సభ్యుల తాత్కాలిక సంఘం వచ్చే ఖరీఫ్ నాట్లలోగా నమూనా ఫారాన్ని సిద్ధం చేయాలి. ఈ తీర్మానం ప్రతులను హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రానికి, డెహ్రాడూన్‌లోని భారతీయ రిమోట్ సెన్సింగ్ సంస్థకు, రాష్ట్రాల రిమోట్ సెన్సింగ్ కేంద్రాలకు, వ్యవసాయ విశ్వవిద్యాలయాలకు పంపాలి.