పాత ల్యాప్‌టాప్‌పై తొందరపాటు తీర్పు

సిరిసిల్లలో మరమగ్గం ఆగిన మరుక్షణమే ఏ ఆసామీ దానిని పాత ఇనుముకు వేయడు. జాబరును పిలిచి లోపమెక్కడో చూపిస్తాడు. ల్యాప్‌టాప్ విషయంలో మనకు ఆపాటి ఓర్పు లేకపోవడం విచారకరం. తెర వెలగకపోతే చాలు, దాని పని అయిపోయిందనే నిర్ణయానికి వస్తాము.

నిజానికి యంత్రమే తన జబ్బు చెబుతుంది. పంకా తిరుగుతూ తెర నల్లగా ఉంటే, ఛార్జరును, బ్యాటరీని తొలగించి, ర్యామ్ పలకను తీసి, దాని అంచును పెన్సిలు రబ్బరుతో తుడిచి తిరిగి అమర్చి చూడాలి. తేదీ ప్రతిసారీ వెనక్కి పోతుంటే లోపలి 3 వోల్టుల బిళ్ల బ్యాటరీ క్షీణించిందన్నమాట. కంపెనీ గుర్తు వద్దనే ఆగిపోతే హార్డ్‌డిస్కును కూడా అనుమానించాలి. అప్పుడు మాటిమాటికీ ఆన్ చేయడం కన్న, అందులోని పాఠాలను ముందుగా వేరొకచోట భద్రపరచుకోవడం మేలు.

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఆ కారణంగా మూలపడేవి పెరగక మానవు. కోరుట్లలో బీడీలు చుట్టే తల్లి కూతురికి కొత్తది కొనిపెట్టగలదా? ఉచితంగా లభించే లినక్స్‌లో ఉర్దూ, తెలుగు రెండూ రాసుకోవచ్చు. కనుక పాత యంత్రాలను జగిత్యాలలో తుక్కు కింద తూకానికి వేసేముందు, ఒక నెలపాటు విద్యార్థుల చేతికి ఇవ్వవలసిందిగా కమిటీ పెద్దలను కోరుతున్నాము. బ్యాటరీ ఉబ్బినవాటిని మాత్రం మాకు ఇవ్వవద్దు.