పరిహారంలో చేరని భయం

2020 మే 7 తెల్లవారుజామున ఎల్జీ పాలిమర్స్ కర్మాగారం నుంచి స్టైరీన్ విషపు ఆవిరి కమ్ముకొస్తుంటే, విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురం జనం నిద్రలో ఉన్న పసివాళ్లను భుజాన వేసుకుని పరుగెత్తారు. పన్నెండు మంది చనిపోయారు. వారిలో పిల్లలూ ఉన్నారు. మృతుల కుటుంబాలకు కోటి రూపాయలు, వెంటిలేటర్ మీద ఉన్నవారికి 10 లక్షలు, రెండు మూడు రోజులు ఆసుపత్రిలో ఉన్నవారికి లక్ష, ప్రాథమిక చికిత్సతో సరిపోయినవారికి 25 వేలు ఇస్తామని ప్రభుత్వం ప్రకటించింది. ఇవ్వవలసిందే. కానీ ఒంటి మీద దెబ్బలేని నాలుగేళ్ల పాప మనసులో ఏం మిగిలిందో ఆ జాబితాలో ఎక్కడా లేదు.

ఆ వయసు పిల్లను కూర్చోబెట్టి ‘ఎందుకమ్మా భయం?’ అంటే చెప్పలేదు. అదే పిల్ల బొమ్మను నేలమీద పడుకోబెట్టి ‘ఇది లేవట్లేదు’ అంటుంది. ఆటతో చేసే చికిత్స, ప్లే థెరపీ, మొదలయ్యేది అక్కడే. 1920ల చివర లండన్‌లో మార్గరెట్ లోవెన్‌ఫెల్డ్ అనే వైద్యురాలు ఇసుక తొట్టె, చిన్న బొమ్మలు ముందుపెట్టి, పిల్లలను తమ లోకం తామే కట్టుకోనిచ్చారు. 1947లో వర్జీనియా ఆక్స్‌లైన్ తన పుస్తకంలో ప్లే థెరపీకి సూత్రాలు రాశారు: దారి చూపేది పిల్ల, వెంట నడిచేది పెద్దలు. దిద్దకూడదు, తొందరపెట్టకూడదు.

‘మా పిల్లలు గుజ్జనగూళ్లు, బొమ్మల పెళ్లిళ్లు ఆడుకుంటూనే ఉన్నారుగా, మళ్లీ చికిత్స ఏమిటి?’ అనేవారున్నారు. మామూలు దిగులుకు ఆ ఆటలు చాలు. పెద్ద దెబ్బకు చాలవు. 1976లో కాలిఫోర్నియాలోని చౌచిల్లాలో 26 మంది పిల్లలను బస్సుతో సహా అపహరించారు. వారిని ఏళ్ల తరబడి గమనించిన మనోవైద్యురాలు లెనోర్ టెర్, పిల్లలు అదే భయాన్ని సంతోషం లేకుండా, ముగింపు లేకుండా మళ్లీ మళ్లీ ఆడారని రాశారు. ఆ ఆటకు ముగింపు దొరకాలంటే పక్కన శిక్షణ పొందిన మనిషి ఉండాలి. బొమ్మల గది ఒకటి తెరిచి ‘థెరపీ’ అని బోర్డు పెడితే సరిపోదని నేను గట్టిగా అనేది ఇందుకే.

విశాఖ పిల్లలకు అలాంటి మనిషి మరీ అవసరం. 1997లో హెచ్‌పీసీఎల్ రిఫైనరీ మంటలు, 2014లో హుద్‌హుద్ తుఫాను, తర్వాత స్టైరీన్. ప్రమాదాల మధ్య కాలం కూడా పిల్లలకు తేలిక కాదు. స్టీల్‌ప్లాంటులో నైట్‌షిఫ్టు చేసొచ్చిన నాన్న పగలు నిద్రపోతుంటే, ఇంట్లో పిల్ల గట్టిగా ఆడుకోవడానికే ఉండదు. ఇంట్లో ఆడుకునే వీలులేని పేదింటి పిల్లకు అందుబాటులో ఉన్న చోటు అంగన్‌వాడీ. అక్కడి కార్యకర్తకు ఒక పిల్ల ఆట తేడాగా ఉందని గుర్తుపట్టడం నేర్పాలి. ఆ పిల్లను చూడడానికి కేజీహెచ్ ఆసుపత్రిలో ఆటగది, అందులో నిపుణురాలు ఉండాలి. బొమ్మల కోసం ఎక్కడికో పోనక్కర్లేదు, కొయ్యబొమ్మల ఊరు ఏటికొప్పాక దగ్గర్లోనే ఉంది.

ప్రమాదకర రసాయనాలపై 1989 నాటి నిబంధనల ప్రకారం, కర్మాగారం బయటి జనం కోసం జిల్లా యంత్రాంగం అత్యవసర ప్రణాళిక తయారుచేసుకోవాలి. అందులో పడకలతో, అంబులెన్సులతో పాటు ఆరేళ్లలోపు పిల్లలకు ఆటగది, నెలల తరబడి మారకుండా ఉండే థెరపిస్టు అన్న పద్దు రాయాలి. కార్యకర్తల శిక్షణను కర్మాగారాల మధ్య ఉన్న మల్కాపురం, గాజువాక, పరవాడ అంగన్‌వాడీల్లో ఈ ఏడాదే మొదలుపెట్టవచ్చు. దానికి మరో ప్రమాదం దాకా ఆగనక్కర్లేదు.