నల్ అంటే సున్నా కాదు

డీబీఎంఎస్ చదివినవాళ్లకి ఇది తెలిసిందే, మెకానికల్ మిత్రుల కోసం మళ్లీ చెప్తున్నా. టేబుల్‌లో ఒక గడిలో సున్నా ఉందంటే ఎవరో లెక్కపెట్టారు, ఏమీ లేదని తేలింది. నల్ ఉందంటే అసలు ఎవరూ లెక్కపెట్టలేదు. ఇంకో మెలిక కూడా ఉంది. యావరేజ్ తీయమంటే ఎస్‌క్యూఎల్ నల్ ఉన్న వరసల్ని చప్పుడు చేయకుండా పక్కన పెట్టి, మిగిలినవాటితో జవాబు ఇచ్చేస్తుంది. ఎర్రర్ రాదు. ల్యాబ్ ఎగ్జామ్‌లో అయితే దీనివల్ల రెండు మార్కులు పోతాయి. మా పక్క సందులో మాత్రం చిన్నపిల్లలకి గుడ్డు, బాలామృతం పోతున్నాయి అనేది నా వాదన.

మేం ఉండేది దిల్‌సుఖ్‌నగర్‌లో. మా కాలనీ పిల్లలమంతా ఆటో ఎక్కి ఇంగ్లీష్ రైమ్స్ నేర్చుకోడానికి ప్లేస్కూల్‌కి పోయినవాళ్లమే. అందుకని అంగన్‌వాడీ అంటే మాకు ఒక బోర్డు, ఒక రేకుల గది, అంతే. నిజానికి అది చాలా పెద్ద వ్యవస్థ. 1975 అక్టోబర్ 2న ఐసీడీఎస్ పేరుతో మొదలైంది. పోషకాహారం, టీకాలు, ఆరోగ్య పరీక్షలు, పెద్దాసుపత్రికి పంపడం, తల్లులకు అవగాహన, బడికి ముందు చదువు, ఈ ఆరూ దాని పనులు. మన రాష్ట్రంలోనే దాదాపు 35,700 సెంటర్లున్నాయి. 2013 ఆహార భద్రతా చట్టం వచ్చాక ఆరు నెలల నుంచి ఆరేళ్లలోపు పిల్లలకి అక్కడ తిండి దొరకడం హక్కు. దయతో ఇచ్చేది కాదు.

మా కింది పోర్షన్‌లో ఉండే ఆంటీ అంగన్‌వాడీ టీచర్. నెలాఖరుకి మా ఇంటికి వస్తుంది, వైఫై కోసం. పిల్లల హాజరు, బరువు, ఎత్తు, ఇచ్చిన సరుకు, మిగిలిన సరుకు, వెళ్లొచ్చిన ఇళ్లు, అన్నీ ఎక్కించాలి. 2021 మార్చి నుంచి కేంద్రం యాప్ పోషణ్ ట్రాకర్ ఉంది. రాష్ట్రానిది వేరే యాప్. ఇవి చాలవన్నట్టు రిజిస్టర్లు. 2025 జూలై 1 నుంచి ఇంటికి తీసుకెళ్లే సరుకు ఇవ్వాలంటే తల్లి ముఖం ఫోన్‌లో సరిపోలాలి, అంతకుముందు ఆధార్‌తో ఈ-కేవైసీ అయ్యుండాలి. ఓటీపీ ఏమో భర్త ఫోన్‌కి పోతుంది, ఆయన సెంట్రింగ్ పనిలో ఎక్కడో మూడో అంతస్తులో ఉంటాడు.

"తల్లి ఎదురుంగనే నిల్చున్నది. నాకు ఎర్కనే, బస్తీ అందరికీ ఎర్కనే. ఫోనుకే ఎర్క లేదు బిడ్డా" అంది ఒకసారి. నేను నవ్వాను, ఆమె నవ్వలేదు.

రిపోర్టులే వద్దని నేననను. నలుగురు పిల్లలొస్తే పద్నాలుగు మంది అని రాసి సరుకు బయట అమ్ముకునేవాళ్లు ఉంటారు, వాళ్లని పట్టుకోవాలంటే లెక్క ఉండాల్సిందే. నా ఇబ్బంది వేరు. ఈ లెక్కంతా లిస్టులో ఉన్నవాళ్ల గురించే. ఉన్నవాళ్లలో ఎంతమంది వచ్చారు, ఎంతమందిని తూచారు, ఎంతమంది ముఖం కలిసింది. టీచర్ నుంచి సూపర్‌వైజర్‌కి, అక్కడి నుంచి సీడీపీఓకి, జిల్లాకి, ఢిల్లీ డాష్‌బోర్డుకి పోయేది ఇదే. వచ్చే నెల సరుకు ఇండెంటూ ఈ సంఖ్య మీదే. ప్లానింగ్ అనే పెద్ద మాట కింద ఉన్నది ఈ చిన్న టేబుల్. లిస్టులో లేని పిల్ల అందులో సున్నాగా కూడా కనబడదు. వంద శాతం తూచాం అని ఆకుపచ్చ రంగు వస్తుంది, నిజమే, లిస్టులో ఉన్న వంద శాతం.

మరి లిస్టులో లేనిదెవరు? పొద్దున ఆరున్నరకి ఎల్బీ నగర్ చౌరస్తాకి వచ్చి చూడండి. దేవరకొండ వైపు తండాల నుంచి సాగర్ రోడ్డు మీదుగా వచ్చినవాళ్లు, పాలమూరువాళ్లు, ఒడిశావాళ్లు అడ్డా మీద నిలబడి ఉంటారు. సందుల్లో లేచే ఐదంతస్తుల అపార్ట్‌మెంట్ల దగ్గర ఇసుక కుప్ప పక్కనే నీలం టార్పాలిన్ వేసుకుని కుటుంబాలు ఉంటాయి. మా ఎదురు సైటులో నేను లెక్కపెట్టాను. ఆరేళ్లలోపు పిల్లలు ఏడుగురు. సెంటర్ నడుచుకుంటూ పోతే నాలుగు నిమిషాలు. అందులో ఒక్కరి పేరూ అక్కడ లేదు, ఆంటీనే చెప్పింది. ఆమె సెంటర్ వేరే బస్తీలో, ఇది ఆమె ఏరియా కాదు. ఏరియా టీచర్ సర్వే చేసినప్పుడు ఆ స్థలం ఖాళీ ప్లాట్.

యాప్‌లో వలస వచ్చినవాళ్లని ఒక సెంటర్ నుంచి ఇంకో సెంటర్‌కి మార్చే ఆప్షన్ ఉంది. పిల్లకి ఆధార్ లేకపోయినా తల్లి ఆధార్‌తో చేర్చుకోవచ్చు. కాగితం మీద దారులన్నీ తెరిచే ఉన్నాయి. కానీ ఆ దారిన నడవాల్సింది ఎవరు? పొద్దున ఏడింటికి తట్ట ఎత్తే తల్లి. మలక్‌పేటలో పని అయిపోయి సరూర్‌నగర్ వస్తే ఆమెకి మారింది రెండు మూడు మెట్రో స్టేషన్ల దూరం, రికార్డుల్లో మాత్రం హైదరాబాద్ జిల్లా పోయి రంగారెడ్డి జిల్లా వస్తుంది.

ఇక్కడ మీకు ఒక కోర్టు ఆర్డర్ గురించి చెప్పాలి. పీయూసీఎల్ వేసిన ఆహార హక్కు కేసులో 2006 డిసెంబర్ 13న సుప్రీంకోర్టు, ఒక పల్లెలోనో మురికివాడలోనో ఆరేళ్లలోపు పిల్లలు కనీసం 40 మంది ఉండి అంగన్‌వాడీ లేకపోతే, అడిగిన మూడు నెలల్లోపు పెట్టాలని చెప్పింది. చదివినప్పుడు నాకు చాలా నచ్చింది. తర్వాత కూర్చుని ఆలోచిస్తే నచ్చడం తగ్గింది. 40 మంది ఉన్నారని లెక్కపెట్టేదెవరు? సైటుకి ఏడుగురు, ఎనిమిది మంది చొప్పున ఆరు సందుల్లో ఉంటే అది బస్తీ కిందకి వస్తుందా? భవన నిర్మాణ కార్మికుల కోసం 2025 దాకా 1996 నాటి చట్టం ఉండేది, 50 మందికి మించి ఆడవాళ్లు పనిచేసే చోట పిల్లలకి గది ఏర్పాటు చేయాలని అందులో 35వ సెక్షన్ చెప్పేది. మా ఎదురు సైటులో ఆడవాళ్లు తొమ్మిది మంది. అంటే ఆ కోర్టు ఆర్డర్‌కి ఈ ఏడుగురు పిల్లలు తక్కువ, ఆ పాత చట్టం లెక్కకి వాళ్ల తల్లులు తక్కువ.

జనాభా లెక్క చూద్దామంటే చివరిది 2011ది. అప్పటికి ఎల్బీ నగర్‌కి మెట్రో లేదు, అది 2018 సెప్టెంబర్‌లో వచ్చింది. అది వచ్చాక మా వైపు ఎన్ని ఇండిపెండెంట్ ఇళ్లు కూలి అపార్ట్‌మెంట్లు అయ్యాయో ఇక్కడ ఉన్నవాళ్లకి తెలుసు. ఎన్ని వేల జనాభాకి ఎన్ని సెంటర్లు అని తేల్చేది మాత్రం ఇంకా ఆ పాత సంఖ్యే.

దీనికి సమాధానంగా టీచర్ ఫోన్‌లో ఇంకో ఫారం పెడితే మాత్రం నేను ఒప్పుకోను. మనకి నేర్పించే మొదటి సూత్రం, ఒకసారి తీసుకున్న డేటాని మళ్లీ అడక్కూడదని. ఎక్కడ బిల్డింగ్ లేస్తుందో ప్రభుత్వానికి ముందే తెలుసు. 2020 నవంబర్‌లో టీఎస్-బీపాస్ వచ్చింది, పర్మిషన్లు ఇప్పుడు ఆన్‌లైన్‌లోనే ఇస్తున్నారు. పని మొదలుపెట్టేముందు నోటీసు ఇవ్వాలి. అడ్రస్, ఎన్ని అంతస్తులు, బిల్డర్ ఎవరు, అన్నీ ఒక టేబుల్‌లో ఉన్నాయి. అంగన్‌వాడీ సెంటర్లు ఇంకో టేబుల్‌లో ఉన్నాయి. రెండింటికీ ఒక జాయిన్ కావాలి. ఫలానా సందులో పని మొదలైంది, నీ సెంటర్‌కి 300 మీటర్లు, వెళ్లి చూడు అని టీచర్‌కి ఒక మెసేజ్ వస్తే చాలు. ఆమె వెళ్లి పిల్లలు ఎంతమందో ఒక అంకె రాస్తుంది. ఎవరూ లేకపోతే సున్నా రాస్తుంది. నాకు కావాల్సింది ఆ సున్నానే. ఇందులో ఎవరి ముఖమూ, ఎవరి ఆధారూ అక్కర్లేదు, బిల్డింగ్ అడ్రస్ ఒక్కటి చాలు. సైటు చూడటానికి నడిచిన సమయం కూడా ఆమె పని కిందే లెక్కకట్టాలి. లేకపోతే ఇదీ ఉచిత చాకిరీలో కలుస్తుంది.

మున్సిపల్ శాఖ డేటా శిశు సంక్షేమ శాఖకి ఎందుకిస్తారు అని మా సీనియర్ ఒకరన్నారు. ఇవ్వకపోవచ్చు. ఏ శాఖ రిపోర్ట్ ఆ శాఖ పై అధికారికే పోతుంది, పక్క శాఖకి పోదు. పిల్ల మాత్రం రెండు శాఖల మధ్య గోడ నీడలో ఆడుకుంటుంది. (ఈ లైన్ కవిత్వంలా వచ్చింది, ఎడిటర్ తీసేస్తే తీసేయండి.)

మూడో సంవత్సరం మినీ ప్రాజెక్ట్ దగ్గర పడుతోంది. మా బ్యాచ్‌లో ఇప్పటికే మూడు టీమ్‌లు లైబ్రరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్ అంటున్నాయి. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీ నగర్ దాకా మెట్రో లైనుకి అటూ ఇటూ కిలోమీటరులో ఎన్ని సైట్లు నడుస్తున్నాయి, ఒక్కోదాని దగ్గర చిన్నపిల్లలు ఎంతమంది, దగ్గరి అంగన్‌వాడీ ఎంత దూరం, ఈ మూడు కాలమ్‌లు మనమే నడిచి నింపొచ్చు. నలుగురుంటే మూడు ఆదివారాల పని. పేర్లు రాయం, ఫోటోలు తీయం. లెక్క పట్టుకుని సీడీపీఓ ఆఫీసుకి వెళ్దాం. ఆసక్తి ఉన్నవాళ్లు క్లబ్ గ్రూప్‌లో చెప్పండి. కొంచెం తొందరగా చెప్పండి, మా ఎదురు సైటులో ఆఖరి స్లాబ్ పడింది. ఆ ఏడుగురు పిల్లలు దసరా లోపల తుర్కయంజాల్ వెళ్తారో, ఆదిభట్ల వెళ్తారో వాళ్ల అమ్మలకే ఇంకా తెలీదట.