నష్టం పంచుకుందామన్న మాట

పెన్న ఒడ్డు నుంచి / పినాకిని

ఇందుకూరుపేట రైతు ఒకప్పుడు జెనీవాలోని నానాజాతి సమితికి చందా కట్టాడు. కట్టినట్టు ఆయనకు తెలియదు. 1920 జనవరి 10న సమితి పుట్టినప్పుడు, స్వపరిపాలన లేని ఇండియాకు కూడా బ్రిటన్ పక్కన ఒక కుర్చీ వేశారు. చందా ఢిల్లీ ఖజానా నుంచి పోయేది. ఆ ఖజానా రాబడిలో ఉప్పు పన్ను ఒక పద్దు. సముద్రం ఇంటి ముందే ఉన్నా ఉప్పు కొనుక్కుని తిన్న మైపాడు మనిషి కూడా ప్రపంచ శాంతికి తన వంతు ఇచ్చాడన్నమాట. కుర్చీలో ఎవరు కూర్చోవాలో మాత్రం దొరలు తేల్చేవాళ్లు. 1928లో వెళ్లిన ప్రతినిధుల్లో మన కూర్మా వెంకటరెడ్డినాయుడు ఉన్నారు. బృందానికి నాయకుడిగా ఒక భారతీయుణ్ణి పంపడానికి మరో ఏడాది పట్టింది. 1929లో మద్రాసు నుంచి హబీబుల్లా వెళ్లారు.

ఆ సమితి ఎందుకు కూలిందంటే బళ్లో నేర్పిన జవాబు ఒకటుంది: దానికి సొంత సైన్యం లేదు. ఈ జవాబు మీద నాకు నమ్మకం కుదరదు. కావలసినప్పుడు సైన్యం దొరికింది. సార్ బొగ్గు గనుల ప్రాంతం జర్మనీలో కలవాలా వద్దా అని 1935 జనవరిలో ఓటింగు పెట్టినప్పుడు బ్రిటన్, ఇటలీ, స్వీడన్, నెదర్లాండ్స్ కలిసి సుమారు 3,300 మందిని పంపాయి. ఓట్లు ప్రశాంతంగా పడ్డాయి, సైనికులు ఇళ్లకు పోయారు. జర్మనీ, ఫ్రాన్స్ రెండూ ఒప్పుకున్నాయి, ఎవరి జేబుకూ చిల్లు పడలేదు, కాబట్టి పని జరిగింది. తమాషా ఏమిటంటే ఇటలీ సైనికులు సార్‌లో కాపలాకు దిగింది 1934 డిసెంబరులో. అదే నెలలో వాల్వాల్ బావుల దగ్గర ఇటలీ సేనలు ఇథియోపియా వాళ్లతో కాల్పులకు దిగాయి.

సమితి నిబంధనల్లో 16వ అధికరణం ప్రసిద్ధం. యుద్ధానికి తెగబడిన దేశంతో మిగతా సభ్యులు వ్యాపారం తెంచుకోవాలంటుంది. దాని కిందే ఇంకో మాట ఉంది, దాన్ని ఎవరూ పెద్దగా తలుచుకోరు. తెంచుకున్నందువల్ల ఎవరికి దెబ్బ తగిలినా ఆ నష్టం తగ్గేలా సభ్యులు ఒకరినొకరు ఆదుకోవాలి. సమితి ప్రాణం ఆ మాటలో ఉందని నా అభిప్రాయం. కాలువ నిండుగా పారే ఏడు వంతు మాట అందరూ మన్నిస్తారు. నీళ్లు తగ్గిన ఏడు పై కయ్యవాడు మడవ కట్టేస్తాడు. 1929 అక్టోబరులో న్యూయార్క్ షేర్ మార్కెట్ కూలాక ప్రతి దేశమూ పై కయ్యే అయింది.

1930 జూన్‌లో అమెరికా స్మూట్-హాలీ చట్టంతో దిగుమతి సుంకాలు పెంచింది. మిగతావాళ్లూ ఊరుకోలేదు. 1932లో ఒట్టావాలో బ్రిటన్ తన సామ్రాజ్యం చుట్టూ కంచె వేసుకుంది. 1933 వచ్చేసరికి ప్రపంచ వాణిజ్యం విలువలో మూడింట రెండొంతులు హరించుకుపోయింది. (2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి చేర్చినప్పుడు మా రొయ్యల గుంటల దగ్గర ఈ లెక్క ఎవరికీ విడమర్చి చెప్పాల్సిన పని లేకపోయింది.)

అప్పట్లో ఇక్కడ గుంటలు లేవు, వరే ఆధారం. మద్రాసు రాజధానిలో వడ్ల ధర కొద్ది ఏళ్లలో దాదాపు సగానికి పడిపోయింది. శిస్తు మాత్రం రూపాయల్లో కట్టాల్సిందే. ఒక పుట్టి అమ్మి తీర్చే బాకీకి రెండు పుట్లు తూచాలి. ఇళ్లలో బంగారం బజారుకెక్కింది, అక్కణ్ణుంచి ఓడలెక్కి లండన్ పోయింది. సయాం నుంచి నూకలు చవగ్గా దిగుతుంటే రైతులు ఆపమని మొరపెట్టుకున్నారు, 1935లో సర్కారు మణుగుకు 12 అణాల సుంకం వేసింది. ఆ రైతుల్ని నేను తప్పుపట్టలేను. అమెరికాలో గోధుమ రైతూ తన సర్కారును అడిగింది ఇదే.

రంగూన్ రేవులో ఇంకా ఘోరం జరిగింది. 1930 మేలో తెలుగు కూలీలు సమ్మె చేస్తే వాళ్ల స్థానంలో బర్మా వాళ్లను పెట్టుకున్నారు, సమ్మె తీరగానే బర్మా వాళ్లను పొమ్మన్నారు. 26న మొదలైన కొట్లాటల్లో వందమందికి పైగా చచ్చిపోయారు. ఒకే కూలి కోసం కొట్టుకున్న ఆ పేదల తగాదా ఏ జెనీవా దాకానూ వెళ్లలేదు.

జెనీవా దాకా వెళ్లిన తగాదాల గతి చూద్దాం. 1931 సెప్టెంబరు 18 రాత్రి ముక్దెన్ దగ్గర రైలు పట్టాలు పేల్చారన్న సాకుతో జపాన్ సేన మంచూరియాను ఆక్రమించడం మొదలుపెట్టింది. చైనా 21న సమితిని ఆశ్రయించింది. సరిగ్గా ఆ రోజే బ్రిటన్ బంగారు ప్రమాణాన్ని వదిలేసింది. లండన్ పత్రికల్లో ఆనాడు ఏది పెద్ద వార్తో ఊహించుకోవచ్చు. విచారణకు లిట్టన్ ప్రభువును పంపారు. బెంగాల్ గవర్నరుగా చేసినవాడు, మన పెద్దలు చెప్పుకున్న ధాతు కరువునాటి వైస్రాయి కొడుకు. ఆయన మంచూరియాలో అడుగుపెట్టేసరికి అక్కడ మంచుకువో అనే కీలుబొమ్మ రాజ్యం వెలిసింది. నివేదిక నిజాయితీగానే రాశాడు. 1933 ఫిబ్రవరి 24న 42 దేశాలు దాన్ని ఆమోదించాయి, జపాన్ కాదంది, సయాం తటస్థంగా ఉండిపోయింది. జపాన్ ప్రతినిధి మత్సుఓకా లేచి వెళ్లిపోయాడు. అంతే.

జపాన్‌తో వ్యాపారం తెంచుకుంటే ఆ బేరం సమితిలో చేరని అమెరికాకు పోతుందన్నది బ్రిటన్ భయం. దీన్ని పిరికితనం అని తేల్చేస్తే సరిపోదు. అప్పటికి బ్రిటన్‌లో పనిలేనివాళ్లు సుమారు 30 లక్షలు. వాళ్లను ఓటు అడగాల్సిన మంత్రి, మంచూరియా కోసం ఇంకో మిల్లు మూసుకుందాం అనగలడా? జర్మనీలో నిరుద్యోగం 60 లక్షలకు చేరింది. 1928లో 2.6 శాతం ఓట్లు తెచ్చుకున్న నాజీలు 1932 జూలైలో 37.3 శాతం తెచ్చుకున్నారు.

అసలు పరీక్ష ఇథియోపియా. 1935 అక్టోబరు 3న ఇటలీ దాడి చేసింది, నవంబరు 18 నుంచి ఆంక్షలు అమల్లోకి వచ్చాయి. దాదాపు 50 దేశాలు ఇటలీ సరుకు కొనడం మానేశాయి. అయితే ఇటలీ లారీలకూ విమానాలకూ కావలసిన చమురు ఆ జాబితాలో లేదు. సూయజ్ కాలువను మూయలేదు. సుంకం కట్టించుకుని ఇటలీ ఓడలను వదిలారు. చమురు ఆపి ఉంటే వారంలో వెనక్కి తగ్గేవాణ్ణని ముస్సోలినీ తర్వాత హిట్లర్‌తో అన్నట్టు హిట్లర్ దుబాసీ రాశాడు. 1936 జూన్ 30న హైలే సెలాసీ జెనీవా సభలో నిలబడి మొరపెట్టుకున్నాడు, మరుసటి నెల ఆంక్షలు ఎత్తేశారు.

ఆ ఆంక్షలను మనసుపెట్టి పాటించిన చిన్న దేశం యుగోస్లావియా. దాని పశువులకూ కలపకూ ఇటలీయే పెద్ద ఖాతాదారు, ఆ బేరం పోయింది. ఆదుకోమని అడిగితే పెద్ద సభ్యులు అరకొరగా ఏదో విదిలించారు. మిగిలిన సరుకు కొంటానని జర్మనీ ముందుకొచ్చింది. 1936 నుంచి యుగోస్లావియా వ్యాపారంలో జర్మనీదే పైచేయి.