చెట్టు దిగని భేతాళుడు

చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయానికి ఏ సాయంకాలం వెళ్ళినా ఒకే దృశ్యం కనబడుతుంది. పోటీ పరీక్షలకు చదివే యువతీ యువకులు నిన్న కూర్చున్న చోటనే కూర్చుని, నిన్న తెరచిన పుస్తకాన్నే తెరచి ఉంటారు. వారిలో ఒకడు, అశోక్‌నగర్‌లో గది అద్దెకు తీసుకుని ఉంటున్న మా పూర్వ విద్యార్థి, ఒక ఆదివారం నల్లకుంటలోని మా ఇంటికి వచ్చి మాటల మధ్య ఒక ప్రశ్న వేశాడు.

"సార్, 'కుడి ఎడమైతే' సిరీస్ ఒక్క రాత్రిలో చూసేశాను. ఎనిమిది భాగాలు అయిపోయినా ఆ రోజు ఎందుకు మళ్ళీ మళ్ళీ వస్తోందో చెప్పలేదు. రాసినవాళ్ళకైనా తెలుసంటారా?"

నవ్వి ఊరుకోదగిన ప్రశ్నే. కాని నేను కూడ ఆ ధారావాహికను చూచిన తరువాత నవ్వు రాలేదు. కథకునికీ శ్రోతకూ మధ్య ఉండవలసిన ఒక పాత ఒడంబడిక ఇక్కడ తెగిపోయిందని అనిపించింది. ఆ సంగతినే విద్యార్థి మిత్రుల ముందు, పెద్దల ముందు మనవి చేయదలచాను.

ముందుగా న్యాయంగా మెచ్చుకోవలసినదాన్ని మెచ్చుకోవాలి. వైజ్ఞానిక కల్పనకు తెలుగు వెండితెర మీద సింగీతం శ్రీనివాసరావు 1991లోనే 'ఆదిత్య 369'తో దారి వేశారు. ఆ చిత్రంలోని కాలయంత్రం మనలను శ్రీకృష్ణదేవరాయల సభకూ, రాబోయే 2504వ సంవత్సరానికీ తీసుకుపోయింది. అయితే ధారావాహిక రూపంలో ఆ దారిన నడిచినవారు బహు కొద్దిమంది. 2021 జులై 16న 'ఆహా'లో విడుదలైన 'కుడి ఎడమైతే' అందుకు సాహసించింది. దర్శకుడు పవన్ కుమార్ 'లూసియా' (2013), 'యూ టర్న్' (2016) అనే కన్నడ చిత్రాలతో పేరు గడించినవాడు. అమలా పాల్ ధరించిన దుర్గ పోలీసు అధికారిణి. రాహుల్ విజయ్ ధరించిన ఆది, ఇంటింటికీ భోజనం చేరవేస్తూ నటుడు కావాలని కలలు కనే యువకుడు. ఒక ప్రమాదంతో వీరిద్దరికీ గడచిన దినమే తిరిగి ఉదయిస్తుంది. లోకంలో మరెవ్వరికీ ఆ జ్ఞాపకం లేదు. అధికారం గల స్త్రీ, ఏ అధికారమూ లేని కూలి యువకుడు ఒకే చక్రంలో చిక్కుకొని ఒకరినొకరు వెదకుకొనే ఘట్టాలు ఎంతో ఆసక్తికరంగా ఉన్నాయి.

ఇంత చక్కగా నడచిన కథ చివరి భాగంలో కుంటుపడింది. ఈ చక్రం ఏ శక్తి వలన తిరుగుతున్నది? ఈ ఇద్దరినే అది ఎందుకు ఎంచుకున్నది? అసలు ముడి విప్పకుండానే రెండవ సీజన్‌కు తలుపు తీసిపెట్టి తెర దించారు. 2021 నుండి ఇన్నేళ్ళు గడచినా ఆ రెండవ సీజన్ రాలేదు. తలుపు తీసి ఉన్నది, లోపల ఇల్లు లేదు.

తిరిగి తిరిగి వచ్చే కాలం మన కథాసంప్రదాయానికి కొత్తది కాదు. 'చందమామ' చదివి పెరిగినవారికి భేతాళ కథలు జ్ఞాపకం ఉండే ఉంటాయి. రాజు శవాన్ని భుజాన వేసుకుంటాడు, శవంలోని భేతాళుడు కథ చెప్పి ప్రశ్న వేస్తాడు, రాజు మౌనం వీడగానే శవం తిరిగి చెట్టెక్కుతుంది. అదే శ్మశానం, అదే చెట్టు, అదే మోత. ఇంతకంటె చక్కని కాలచక్రం ఏది? కాని అందులో ఒక కఠిన నియమం కలదు. సమాధానం తెలిసి కూడ చెప్పకపోతే తల పగిలిపోతుంది. కనుక ప్రతి ఆవృత్తిలోనూ ఒక చిక్కు విడిపోయి తీరుతుంది. 11వ శతాబ్దికి చెందిన 'కథాసరిత్సాగరం'లో ఈ కథలు ఇరువది అయిదు. చివరి ప్రశ్నకు రాజుకు నిజంగానే సమాధానం తోచదు, మౌనం వహిస్తాడు. అప్పుడు భేతాళుడు సంతోషించి, ఈ మోత అంతా ఎవరి కపటం వలన వచ్చినదో, దాని నుండి తప్పించుకొనే ఉపాయమేమిటో బయటపెడతాడు. చక్రం ఆగింది, కారణం తెలిసింది, కథ ముగిసింది.

ఉర్దూ దాస్తాన్లలోనూ ఇదే మర్యాద ఉన్నది. అమీర్ హమ్జా గాథలలో మాంత్రికుడు కట్టిన మాయాలోకాన్ని తిలిస్మ్ అంటారు. అది ఎంత దుర్భేద్యమైనా దానిని ఛేదించే మార్గం తెలిపే లౌహ్ అనే పలక ఎక్కడో ఒకచోట ఉండి తీరాలి. తాళంచెవి లేని తాళాన్ని దాస్తాన్‌గో తన శ్రోతల ముందు వేయడు. 'అల్ఫ్ లైలా'లో షహర్‌జాద్ కూడ తెల్లవారేసరికి కథను సగంలో ఆపేది కదా అని కొందరు అడుగవచ్చు. నిజమే. ఆమె ప్రాణం నిలుపుకోవడానికి ఆపింది. కాని మరునాటి రాత్రి ఆ కథను పూర్తిచేసింది!

ప్రతి రహస్యానికీ శాస్త్రీయ వివరణ ఉండి తీరాలని నేను వాదించడం లేదు. 1993 నాటి అమెరికన్ చిత్రం 'గ్రౌండ్‌హాగ్ డే'లో ఒకే దినం ఎందుకు తిరిగి వస్తున్నదో చివరి వరకు చెప్పలేదు. అయినా ఎవరికీ వెలితి తోచదు. అహంకారి అయిన కథానాయకుడు ఆ దినంలోనే మనిషిగా మారుతాడు, ఆ మార్పుతో చక్రం విడిపోతుంది. 2021 నవంబరులో వచ్చిన తమిళ చిత్రం 'మానాడు' మరొక ఉదాహరణ. అందులో అబ్దుల్ ఖాలిక్ అనే ముస్లిం యువకుడు ముఖ్యమంత్రి హత్యనూ, దాని నెపంతో చెలరేగబోయే మతకలహాన్నీ ఆపడానికి అదే దినాన్ని మళ్ళీ మళ్ళీ జీవిస్తాడు. అక్కడ ఆవృత్తికి ఒక ప్రయోజనం ఉన్నది. కారణమైనా చెప్పాలి, ఫలమైనా చూపాలి. రెండూ వాయిదా వేసినప్పుడు మిగిలేది ఎర మాత్రమే.

ఈ లోపం ఒక్క 'కుడి ఎడమైతే'ది కాదు, దాని కర్తల శక్తిహీనత వలన వచ్చినదీ కాదు. నెలనెలా చందా కట్టించుకొనే వ్యాపారంలో ముగింపు కంటె కొనసాగింపుకు విలువ ఎక్కువ. ప్రేక్షకుడు తృప్తిగా లేచిపోతే మళ్ళీ వస్తాడో రాడో! కాని ఈ వ్యాపారంలోనే మాట నిలుపుకొన్నవారూ లేకపోలేదు. కాలం చుట్టూ అల్లిన జర్మన్ ధారావాహిక 'డార్క్' 2017లో మొదలై, మూడు సీజన్లలో 26 భాగాలు నడచి, 2020లో తన ముడిని తానే విప్పి ముగిసింది. తదుపరి సీజన్ తీయడం తీయకపోవడం నిర్మాతల ఇష్టం. చేతిలో ఉన్న సీజన్‌కు ఒక ముగింపు ఇవ్వడం రచయిత ధర్మం.

ఒక వినోద కథకు ఇంత చర్చ అవసరమా అని కళాశాల పెద్దలు అనుకోవచ్చు. ఆ ప్రశ్న వేసిన యువకుణ్ణి తలచుకుంటే అవసరమేనని తోస్తుంది. 2022 ఏప్రిల్‌లో 503 గ్రూప్-1 ఉద్యోగాలకు ప్రకటన వెలువడింది. అక్టోబరు 16న ప్రాథమిక పరీక్ష జరిగింది. ప్రశ్నపత్రాలు బయటికి పొక్కిన వ్యవహారంతో 2023 మార్చిలో అది రద్దయింది. జూన్ 11న మళ్ళీ జరిగిన పరీక్షను సెప్టెంబరులో హైకోర్టు రద్దుచేసింది. 2024లో 563 ఉద్యోగాలకు కొత్త ప్రకటన వచ్చి, జూన్ 9న మరల పరీక్ష జరిగింది. ఈ మూడు పరీక్షలూ వ్రాసినవాడతడు. దుర్గ, ఆది అనుభవించిన చక్రం అతనికి కల్పన కాదు. "రెండోసారి రాయడం కష్టం కాదు సార్, ఎందుకు రాయాల్సి వచ్చిందో తెలియకపోతేనే కష్టం" అన్నాడు. కథలో అతడు వెదకినది కాలక్షేపం కాదని అప్పుడు నాకు బోధపడింది. తన దినాలు ఎందుకు తిరిగి వస్తున్నాయని జీవితాన్ని నిలదీసేవాడు కథనూ నిలదీస్తాడు. వైజ్ఞానిక కల్పన అనే మాటలో విజ్ఞానం ముందున్నది. కార్యానికి కారణం వెదకడమే విజ్ఞానం. ఆ వెదకులాటను సగంలో వదలిపెట్టడం యువకులకు నేర్పదగిన అలవాటు కాదు.

కనుక విద్యార్థి మిత్రులారా, మీరు చూచేదాన్ని ప్రశ్నించండి. మీలో కథలు వ్రాసేవారున్నారు, ఈ సంచికలోనే వారి రచనలున్నాయి. ఎంత వింత చక్రాన్నైనా త్రిప్పండి, కాని మొదటి వాక్యం వ్రాయకముందే దానిని ఆపే పలక ఎక్కడ దాచారో మీకు తెలిసి ఉండాలి. తెలిసి కూడ చెప్పని కథకుని తల ఈనాడు పగలదు. పగిలేది అతని మీద శ్రోత ఉంచిన నమ్మకం. దానిని అతికించడానికి ఏ సీజన్ చాలదు.