తూటా పేలకపోతే కథ కాదా?

మా పక్కింటాయన బ్యాంకు మేనేజరుగా రిటైరయ్యారు. గూఢచారి నవలలంటే ఆయనకు ప్రాణం. ఉగ్రవాదం మీద మంచి నవల ఉంటే ఇవ్వమని అడిగితే, జాన్ లె కారే రాసిన ‘ఎ మోస్ట్ వాంటెడ్ మ్యాన్’ ఇచ్చాను. పది రోజులకు పుస్తకం వెనక్కి వచ్చింది. ‘ఏముంది కర్నల్ గారూ ఇందులో? బాంబు పేలలేదు, తుపాకీ మోగలేదు. సగం పుస్తకం బ్యాంకు ఖాతాల గొడవే. అది నేను ముప్ఫై అయిదేళ్లు చూసిందేగా! చివర్లోనైనా ఏదో జరుగుతుందని ఓపిక పడితే, మంచివాడు ఓడిపోయి కూర్చున్నాడు’ అన్నారు.

ఈ మాట ఆయన ఒక్కరిదే కాదు. 2008లో వెలువడిన ఆ నవల ఉత్కంఠ కోసం తెరిచిన ఎందరినో ఇలాగే నిరాశపరచింది. పాఠకుణ్ని తప్పు పట్టలేం. డబ్బు పెట్టి కొన్నవాడికి నచ్చలేదనే హక్కు ఉంటుంది. కానీ ఆ నిరాశ పుస్తకాల బీరువా దగ్గర ఆగిపోదు. ఉగ్రవాదంపై పోరు ఇలా ఉండాలని నవలలు, సినిమాలు మన మనసులో ఒక బొమ్మ గీస్తాయి. తర్వాత ప్రభుత్వం నుంచి, పోలీసుల నుంచి మనం కోరేది ఆ బొమ్మనే. చిక్కు అక్కడే వస్తోంది.

ముందు కథ సంగతి. రచయిత స్వయంగా బ్రిటిష్ గూఢచారి విభాగాల్లో పనిచేసినవాడు. 1960ల్లో హాంబర్గ్‌లో ఉన్నవాడు. 2001 సెప్టెంబరు 11 దాడుల్లో విమానాలు నడిపిన నలుగురిలో ముగ్గురు ఆ హాంబర్గ్ బృందం వాళ్లే. నవల కూడా ఆ నగరంలోనే సాగుతుంది. ఇస్సా అనే యువకుడు దొంగతనంగా అక్కడికి చేరతాడు. రష్యన్ సైనికాధికారి అయిన తండ్రి దాచిన పాపపు సొమ్ము ఒక ప్రైవేటు బ్యాంకులో ఉంది. బాక్‌మన్ అనే జర్మన్ నిఘా అధికారి అతణ్ని అరెస్టు చేయడు. ఆ డబ్బును ఎరగా వేసి, దానధర్మాల నిధుల్లో కొంత ఉగ్రవాదులకు మళ్లిస్తున్నాడన్న అనుమానమున్న ఓ పెద్దమనిషిని దారిలోకి తెచ్చుకోవాలని, అతని ద్వారా ఇంకా పైవాళ్లను చేరాలని పథకం వేస్తాడు. అంతా కుదిరిన క్షణంలో, అంత ఓపిక లేని అమెరికన్లు వచ్చి ఇద్దరినీ ఎత్తుకుపోతారు. చేతికి ఇద్దరు మనుషులు చిక్కారు. వారి వెనుక ఉన్న దారి మాత్రం మూసుకుపోయింది. మా పక్కింటాయన ‘ఏమీ జరగలేదు’ అన్నది దీన్నే.

సైనిక అకాడమీలో మాకు నేర్పిన తొలి పాఠాల్లో మాటు వేయడం ఒకటి. రాత్రంతా కదలకుండా, దగ్గకుండా, దోమ కుట్టినా చెయ్యి ఎత్తకుండా పడుకోవాలి. ముందుగా వచ్చే ఒకరిద్దరిని చూసి తుపాకీ పేల్చినవాడికి మెచ్చుకోలు ఉండదు, చీవాట్లు ఉంటాయి. వాళ్లను పోనిచ్చి వెనుక వచ్చే అసలు జట్టు కోసం ఆగాలి. కశ్మీర్‌లో చాలా రాత్రులు అసలు ఎవరూ రారు. తెల్లారి వట్టి చేతులతో క్యాంపుకు తిరిగొచ్చి, చీకటి పడ్డాక మళ్లీ అక్కడికే వెళ్లాలి. ఉగ్రవాదంపై పోరులో ఎక్కువ భాగం అలాంటి రాత్రులే.

మనకు నచ్చే కథ వేరుగా ఉంటుంది. ముంబయి దాడుల సూత్రధారులను మన రహస్య బృందం విదేశాల్లో ఒక్కొక్కరినీ మట్టుబెట్టే ‘ముంబయి అవెంజర్స్’ నవల 2015లో వచ్చింది. ఆ ఏడాది ఆగస్టులోనే దాని ఆధారంగా ‘ఫాంటమ్’ సినిమా విడుదలైంది. లష్కరే తోయిబా వ్యవస్థాపకుడు హఫీజ్ సయీద్ లాహోర్ హైకోర్టుకు వెళ్లి, ఆ సినిమాను పాకిస్థాన్‌లో నిషేధింపజేశాడు. 166 మందిని పోగొట్టుకున్న దేశానికి అలాంటి కల రావడం సహజమే. నేనూ ఆ కోపాన్ని అనుభవించినవాణ్నే.

నిజ జీవితంలో హఫీజ్ సయీద్‌ను కోర్టు బోను ఎక్కించింది మాత్రం మా పక్కింటాయనకు విసుగు పుట్టించిన లెక్కల పుస్తకాలే. ఉగ్రవాదానికి చేరే నిధులపై కన్నేసే అంతర్జాతీయ సంస్థ ఎఫ్‌ఏటీఎఫ్ 2018 జూన్‌లో పాకిస్థాన్‌ను ‘గ్రే’ జాబితాలో పెట్టింది. అప్పుల కోసం చెయ్యి చాచే దేశానికి అది గట్టి దెబ్బ. 2020 ఫిబ్రవరిలో లాహోర్ కోర్టు అతనికి ఉగ్రవాద నిధుల కేసుల్లో జైలుశిక్ష వేసింది. తర్వాత మరికొన్ని శిక్షలు పడ్డాయి. 2022 అక్టోబరులో పాకిస్థాన్ ఆ జాబితా నుంచి బయటపడింది. ముంబయి దాడులకు అతనికి ఇప్పటికీ శిక్ష పడలేదు, కాబట్టి దీన్ని గెలుపు అనలేను. అయితే ఏళ్ల తరబడి దౌత్య నిరసనలతో కానిది కొంతైనా డబ్బు దారి మూయడంతో అయింది.

ఈ మాట చెప్పి, ‘మీ సర్వీసులో అనుమానాస్పద లావాదేవీల మీద ఎప్పుడైనా పైకి రాశారా?’ అని మా పక్కింటాయనను అడిగాను. ‘రెండు మూడుసార్లు నివేదికలు పంపాం. ఆ తర్వాత ఏమైందో ఎవరూ చెప్పలేదు’ అన్నారు. చెప్పరు కూడా. అలాంటి నివేదికలన్నీ ఢిల్లీలోని ఆర్థిక నిఘా విభాగానికి చేరతాయి. బాక్‌మన్ చేసే పనిలో ఆయనకూ ఓ చిన్న వాటా ఉందన్నమాట.

ముంబయి దాడుల్లోనే మరో ఉదాహరణ ఉంది. ఆ రాత్రి గిర్‌గావ్ చౌపాటీ దగ్గర అసిస్టెంట్ సబ్ ఇన్‌స్పెక్టర్ తుకారాం ఓంబ్లే కసబ్ చేతిలోని ఏకే-47 గొట్టాన్ని రెండు చేతులా పట్టుకుని వదల్లేదు. తూటాలన్నీ తన ఒంట్లోనే దిగాయి. దేశం ఆయనకు మరణానంతరం అశోక్ చక్ర ఇచ్చింది. ఆ ధైర్యం అందరికీ గుర్తుంది. దాని ఫలితాన్ని మాత్రం అంతగా తలచుకోం. దాడికి వచ్చిన పదిమందిలో ప్రాణాలతో చిక్కింది కసబ్ ఒక్కడే. అతని ఊరు, శిక్షణ, పంపినవాళ్ల పేర్లు అతని నోటి నుంచే బయటికి వచ్చాయి. బహిరంగ విచారణ జరిగి, సుప్రీంకోర్టు దాకా వెళ్లి, 2012 నవంబరు 21న ఉరి అమలైంది. కసబ్ కూడా ఆ రాత్రే చచ్చి ఉంటే, ఆ పదిమంది ఎవరో తమకు తెలియదని పొరుగు దేశం ఈనాటికీ బుకాయిస్తూ ఉండేది.

ఇక మన హైదరాబాద్. 2013 ఫిబ్రవరి 21 సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్‌లో జరిగిన జంట పేలుళ్లు 18 మందిని బలిగొన్నాయి. ఆరు నెలల తర్వాత ఇండియన్ ముజాహిదీన్ నాయకుడు యాసిన్ భత్కల్, అతని అనుచరుడు నేపాల్ సరిహద్దులో దొరికారు. ఒక్క తూటా పేలలేదు. ఎన్‌ఐఏ కోర్టు 2016 డిసెంబరులో అయిదుగురికి మరణశిక్ష విధించింది. తెలంగాణ హైకోర్టు 2025 ఏప్రిల్‌లో దాన్ని ఖరారు చేసింది. అదే తరహా తూటా పేలని వేటపై 2019లో ‘ఇండియాస్ మోస్ట్ వాంటెడ్’ అనే హిందీ సినిమా వస్తే జనం ఆదరించలేదు. కాల్పులు లేని పోరాటం టికెట్టు కొన్నవారికి ఆనలేదు మరి.

ఆ కథలో సినిమాకెక్కని భాగం మరొకటుంది. దిల్‌సుఖ్‌నగర్ పేలుళ్లకు కొన్నేళ్ల ముందే కోల్‌కతా పోలీసులు ఓ మామూలు కేసులో భత్కల్‌ను పట్టుకున్నారు. అతను మారుపేరు చెప్పాడు. ఎదురుగా ఉన్నదెవరో తెలియక వదిలేశారు. అక్కడ కొరవడింది ధైర్యమో ఆయుధాలో కాదు. ఒక రాష్ట్రం వెతుకుతున్న మనిషి ఫొటో, వేలిముద్ర మరో రాష్ట్రపు స్టేషనులో నిమిషాల్లో సరిచూసే ఏర్పాటు లేదు. ఆ లోటుకు చెల్లించిన మూల్యంలో దిల్‌సుఖ్‌నగర్ కూడా ఉంది.

ఇదే నగరంలో దీనికి ఎదురు ఉదాహరణా ఉంది. 2007 మే 18న మక్కా మసీదులో పేలుడు తొమ్మిది ప్రాణాలు తీసింది. ఎవరినో ఒకరిని వెంటనే చూపించాలన్న ఒత్తిడిలో పాతబస్తీ యువకులు ఎందరినో పట్టుకెళ్లారు. వారిపై పెట్టిన కేసులు కోర్టులో నిలవలేదు. తర్వాత దర్యాప్తు మరో దిక్కుకు మళ్లింది. 2018 ఏప్రిల్‌లో ఎన్‌ఐఏ కోర్టు విచారణ ఎదుర్కొన్న అయిదుగురినీ నిర్దోషులుగా వదిలేసింది. మృతుల కుటుంబాలకు దోషి ఫలానా అని చెప్పగలిగిన తీర్పు లేదు. జైలుకెళ్లి వచ్చిన యువకులకు పోయిన కాలం తిరిగి రాలేదు. హాంబర్గ్ నవల చివరి పేజీలో జరిగిన నష్టం లాంటిదే ఇక్కడా జరిగింది. చేతికి చిక్కినవారిని పట్టుకున్నారు, అసలు దారి చెదిరిపోయింది.

ఓపిక పడితే ప్రతిసారీ గెలుస్తామని చెప్పడం లేదు. 2025 అక్టోబరులో శ్రీనగర్ శివారు నౌగామ్‌లో గోడల మీద జైషే మహ్మద్ పేరిట పోస్టర్లు కనిపించాయి. ఆ స్టేషను పోలీసులు వాటిని చింపి పారేసి ఊరుకోలేదు. సీసీ కెమెరాల దృశ్యాలు పట్టుకుని, అంటించినవారి నుంచి వెనక్కి వెనక్కి వెళ్లారు. ఆ దారి వైద్యుల ముఠా దాకా, ఢిల్లీ పక్కన ఫరీదాబాద్‌లో దాచిన దాదాపు 2,900 కిలోల పేలుడు సామగ్రి దాకా తీసుకెళ్లింది. అయినా ఒకడు తప్పించుకున్నాడు. నవంబరు 10న ఎర్రకోట దగ్గర కారు పేలి పదిమందికి పైగా చనిపోయారు. నాలుగు రోజులకు, పట్టుకొచ్చిన ఆ సామగ్రి నుంచి నమూనాలు తీస్తుండగా నౌగామ్ స్టేషనులోనే ప్రమాదవశాత్తూ పేలుడు జరిగి తొమ్మిది మంది ప్రాణాలు కోల్పోయారు. వారిలో ఫోరెన్సిక్ సిబ్బంది, ఫొటోలు తీసే పోలీసులు, రెవెన్యూ ఉద్యోగులు ఉన్నారు. నమూనాలకు సంచులు కుట్టడానికి పిలిచిన దర్జీ ఉన్నాడు. ఏ గూఢచారి నవలలోనైనా దర్జీ పాత్ర చూశామా? కోర్టులో సాక్ష్యం నిలవాలంటే సంచి కుట్టి సీలు వేసేవాడూ కావాలి. అతనూ ఈ పోరులోనే నేలకొరిగాడు.

నేను తుపాకీ పట్టి బతికినవాణ్ని. దాన్ని పేల్చాల్సిన సమయం వస్తుందని నాకు తెలుసు. పహల్గాంలో 26 మందిని చంపిన ముష్కరులను 2025 జులై 28న దాచిగామ్ అడవిలో మన బలగాలు అంతమొందించాయి. టీవీల్లో కనిపించింది ఆ ఒక్క రోజే. వారి జాడ గురించి తొలి సమాచారం మే నెలలోనే అందింది. రెండు నెలలకు పైగా వెంబడించారు. చనిపోయింది వాళ్లేనని ప్రకటించేముందు దొరికిన తుపాకులను చండీగఢ్ ల్యాబులో పరీక్షించి, పహల్గాంలో పడిన తూటాల గుల్లలతో సరిపోల్చారు. కాల్పులు చివరి అధ్యాయం. దాని ముందున్న అధ్యాయాలు లేకపోతే ఎవరిని కాలుస్తున్నామో మనకే తెలియదు.

ఆ ముందు అధ్యాయాలకు మనం ఇస్తున్న విలువ ఎంత? రకరకాల ప్రభుత్వ సమాచార నిల్వలను కలిపే నాట్‌గ్రిడ్ ఆలోచన ముంబయి దాడుల తర్వాత పుట్టింది. అది పనిలోకి రావడానికి పదేళ్లు చాలలేదు. జాతీయ ఉగ్రవాద నిరోధక కేంద్రాన్ని 2012లో ప్రకటించారు. నిఘా సంస్థకే అరెస్టు అధికారం ఇవ్వడాన్ని పలువురు ముఖ్యమంత్రులు వ్యతిరేకించడంతో అది అటకెక్కింది. వారి అభ్యంతరంలో న్యాయముంది. రహస్యంగా పనిచేసేవారికి లాఠీ కూడా ఇస్తే జవాబుదారీ ఎవరు? కానీ ఆ అధికారం తీసేసి, సమన్వయం మటుకు నిలిపే మధ్యేమార్గం కుదరలేదు. కొత్త ఆయుధం కొంటే పత్రికల్లో ఫొటో వస్తుంది. ఫోరెన్సిక్ ల్యాబులో ఖాళీ ఉద్యోగం నింపితే రాదు. స్టేషనులో నాలుగు వీధులూ ఎరిగిన కానిస్టేబులును బందోబస్తు డ్యూటీలకు తిప్పకుండా అక్కడే ఉంచితే అసలే రాదు. నాయకులు ఓటరు దేనికి చప్పట్లు కొడతాడో చూసే నిర్ణయాలు తీసుకుంటారు.

దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్లు కాకూడదంటే, మనం అడిగే ప్రశ్నలు మారాలి. దాడి జరిగిన మర్నాడు ‘ఎంతమందిని మట్టుబెట్టారు?’ అనడంతో ఆగకూడదు. ముందస్తు సమాచారం ఏదైనా వచ్చిందా, వస్తే ఎవరి బల్ల మీద ఆగింది, పట్టుబడినవారిపై కేసు కోర్టులో నిలుస్తుందా, ల్యాబు నివేదిక ఎన్నాళ్లకు వచ్చింది, అమాయకులెవరైనా చిక్కుకున్నారా అని కూడా అడగాలి. ఈ ప్రశ్నలకు జవాబులు విసుగ్గా ఉంటాయి. పేజీలు పేజీలు ఏమీ జరిగినట్లుండదు. ఆ విసుగును ఓర్చుకోవడం పౌరులుగా మన వంతు. మనం ఓర్చుకోకపోతే ప్రభుత్వాలూ ఓర్చుకోవు. అప్పుడు మక్కా మసీదు కేసులో జరిగిందే మళ్లీ జరుగుతుంది.

(వ్యాసకర్త విశ్రాంత సైనికాధికారి)