కొళాయి నీరూ చికిత్సలో భాగమే

హెచ్‌ఐవీ, హెపటైటిస్‌-సి రెండూ సోకినవారికి ఇవాళ మంచి మందులున్నాయి. హెచ్‌ఐవీని అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందులను 2004 ఏప్రిల్‌ నుంచి ప్రభుత్వం ఉచితంగా ఇస్తోంది. 2018 జులై 28న మొదలైన జాతీయ వైరల్‌ హెపటైటిస్‌ నియంత్రణ కార్యక్రమం కింద హెపటైటిస్‌-సి మాత్రలూ ఉచితమే. చాలామందికి 12 వారాల్లో ఆ వైరస్‌ పోతుంది. ఇంత శ్రమపడి కాపాడిన కాలేయాన్ని కలుషిత నీటితో వచ్చే హెపటైటిస్‌-ఇ కొద్ది రోజుల్లో కూల్చగలదు. పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్‌ లాంటి రైల్వే పట్టణాల్లో పట్టించుకోవాల్సిన ముప్పు ఇదే.

హెచ్‌ఐవీ రోగుల్లో హెపటైటిస్‌-ఇ దీర్ఘకాలం తిష్ఠ వేయవచ్చని 2009లో బ్రిటన్‌ వైద్యులు గుర్తించారు. రోగనిరోధక శక్తి బాగా పడిపోయినవారిలో వైరస్‌ నెలల తరబడి ఉండిపోతోంది. అక్కడ ప్రధానంగా కనిపించేది పంది మాంసం ద్వారా వ్యాపించే మూడో రకం వైరస్‌. మన దేశంలో మనుషులకు సోకేది దాదాపుగా ఒకటో రకమే. ఇది నీటి ద్వారా వస్తుంది, సాధారణంగా తిష్ఠ వేయదు. ఆరోగ్యవంతులైతే కొన్ని వారాల్లో కోలుకుంటారు. గర్భిణులకు, అప్పటికే కాలేయం గట్టిపడినవారికి మాత్రం ప్రాణాపాయం. హెచ్‌ఐవీ తోడైతే హెపటైటిస్‌-సి కాలేయాన్ని మరింత త్వరగా పాడుచేస్తుంది. వైరస్‌ పోయినా సిరోసిస్‌ (కాలేయం గట్టిపడటం) మిగిలితే ముప్పు తీరినట్టు కాదు.

నీటి వ్యవస్థ ఎక్కడ తప్పుతుందో మనకు తెలియనిది కాదు. 2004లో ఒడిశాలోని బరిపదలో నీటి శుద్ధి తాత్కాలికంగా ఆగిపోవడంతో 538 మంది కామెర్ల పాలయ్యారు. 2005లో హైదరాబాద్‌లో మురుగు కాలువలను దాటుకుంటూ వెళ్లే పైపుల నీరు తాగిన బస్తీల్లోనే హెపటైటిస్‌-ఇ ఎక్కువగా కనిపించింది. వైరస్‌ ఒంట్లో చేరాక జబ్బు బయటపడటానికి రెండు నుంచి పది వారాలు పడుతుంది. కామెర్లు కనిపించేసరికి చెడు నీరు ఎప్పుడో జనం కడుపులోకి వెళ్లిపోయి ఉంటుంది. అందుకే రోగులను లెక్కపెట్టడం కాదు, నీటిలో క్లోరిన్‌ను రోజూ కొలవడం ముఖ్యం.

బెంగాల్‌ నాగ్‌పూర్‌ రైల్వే కాలంలో వర్క్‌షాపు పనికి వెళ్లి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఖరగ్‌పూర్‌లో నేటికీ ఉన్నాయి. అక్కడ రైల్వే క్వార్టర్లు, రైల్వే స్థలాల్లోని బస్తీలు, మున్సిపాలిటీ వీధులు పక్కపక్కనే ఉంటాయి. ఉద్యోగికి రైల్వే ఆసుపత్రి ఉంది, బస్తీవాసికి రాష్ట్ర ప్రభుత్వ ఆసుపత్రే దిక్కు. ఏఆర్‌టీ మందుల సంగతి ఎయిడ్స్‌ నియంత్రణ విభాగం చూస్తుంది. నీటి బాధ్యత మరెవరిదో. రోగి ఒక్కడే అయినా అతని కాలేయాన్ని మొత్తంగా చూసే కార్యాలయం ఒక్కటీ లేదు.

రోగనిర్ధారణలోనూ చిక్కుంది. హెచ్‌ఐవీ రోగికి కళ్లు పచ్చబడితే అనుమానం మొదట మందుల మీదికే పోతుంది. కొందరు తమంతట తామే మాత్రలు మానేసి పసరు మందుకు పరుగెడతారు. కాలేయానికి అది రెండో దెబ్బ. రోగనిరోధక శక్తి తగ్గినవారిలో యాంటీబాడీ పరీక్ష కొన్నిసార్లు హెపటైటిస్‌-ఇ లేదని తప్పుగా చూపుతుంది. అలాంటప్పుడు ఆర్‌ఎన్‌ఏ పరీక్ష అవసరం.

చేయాల్సినవి కొత్త ఆసుపత్రులు కట్టేంత పెద్ద పనులు కావు. కామెర్లతో వచ్చిన ప్రతి హెచ్‌ఐవీ రోగికీ హెపటైటిస్‌-ఇ పరీక్ష చేయాలి. హెపటైటిస్‌-సి నయమైనవారికి సిరోసిస్‌ ఉందో లేదో చూసి, నీళ్లు మరగబెట్టి తాగమని వారి భాషలో చెప్పాలి. కామెర్ల కేసుల వివరాలను రైల్వే, మున్సిపాలిటీ, ఆసుపత్రులు వెంటవెంటనే పంచుకోవాలి. చైనా 2011లో హెపటైటిస్‌-ఇ టీకాను అనుమతించింది కానీ మన సాధారణ టీకాల జాబితాలో అది లేదు. అది అందేవరకు ఈ రోగులకు రక్షణ శుభ్రమైన నీరే. దాని ఖర్చును ఆరోగ్య బడ్జెట్‌లోనే లెక్కించాలి.